పీఎంఈజీపీ పని చేస్తోందా? కరెంటు మీటరును అడగండి

"పీఎంఈజీపీ లాంటి పథకాలతో వ్యాపారాలు నిజంగా నిలబడుతున్నాయా, ఎట్లా లెక్కగట్టాలి?" అని ఒకరు అడిగారు. పీఎంఈజీపీ అంటే కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. ఎందరికి మంజూరైందన్న లెక్క పక్కన పెట్టండి. మూడేళ్లు దాటినంక ఆ షెడ్డుకు కరెంటు బిల్లు ఎంత వస్తోందో చూడండి. మినిమం బిల్లే వస్తుంటే అక్కడున్నది బోర్డు, యూనిట్ కాదు.

మూడేళ్లే ఎందుకంటే, సబ్సిడీ చేతికి రాదు. నర్సంపేట దగ్గరి పల్లెలో ఒకామె 10 లక్షలతో కారం గిర్ని పెట్టిందనుకోండి. తన వాటా 5 శాతం, 50 వేలు. మిగతా 9.5 లక్షలు బ్యాంకుది. పల్లెల్లో మహిళలకు సబ్సిడీ 35 శాతం, అంటే 3.5 లక్షలు. అది బ్యాంకులోనే మూడేళ్లు టీడీఆర్‌గా, అంటే టర్మ్ డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, లోన్‌లో అంత మేరకు వడ్డీ పడదు. తనిఖీ అయ్యాకే లోన్‌కు జమ. అంతవరకు ఆ యూనిట్ పరీక్ష రాయని పిల్ల, పాసైందని చాటింపు వేయొద్దు.

అసలు దెబ్బ తగిలేది వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనే పెట్టుబడి దగ్గర. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఏడాది సరుకు అప్పుడే కొనుక్కోవాలి. 3 లక్షల సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) ఉండి క్వింటా 15 వేలు పలికితే 20 క్వింటాళ్లు వస్తాయి. లోన్ జూలైలో విడుదలైతే? సరుకంతా అప్పటికే కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. ఆ అద్దె, వ్యాపారి లాభం కలిపి కొనాలి. పైగా తొడిమెలు తీస్తే తూకం తగ్గుతుంది. గిట్టక ఆమె ఊరివాళ్ల మిర్చి కూలికి పట్టి ఇస్తూ కూర్చుంటుంది. సీసీ ఖాతా కదలదు. నిబంధన ఏమో మూడేళ్లలో ఒక్కసారైనా లిమిట్ పూర్తిగా వాడాలి, వాడకం 75 శాతానికి తగ్గొద్దు అంటుంది. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి. గిర్ని తిరుగుతూనే ఉన్నా తప్పు ఆమెదే అయింది! అందుకే మంజూరు తేదీ కాదు, పైసలు విడుదలైన నెల చూడండి.

ఇక ప్రాజెక్టు రిపోర్టులు రాసే మధ్యవర్తుల సంగతి. ఒకే రిపోర్టు పేరు మార్చి అందరికీ అంటగడతారు. 5 లక్షల మిషన్‌కు 7 లక్షల కొటేషన్ పెట్టిస్తే సొంత వాటా కట్టకుండా తప్పిందని సంబరమే గానీ, కిస్తీ ఆ పెంచిన ధర మీద వచ్చిన లోన్‌కు కట్టాలి. మిషన్ మాత్రం 5 లక్షల పనే చేస్తుంది.

తనిఖీకి పోతే 12 నెలల త్రీఫేజ్ బిల్లులు, సీసీ స్టేట్‌మెంట్, సరుకు కొన్న తక్‌పట్టీలు (మార్కెట్‌లో ఇచ్చే తూకం, ధర చీటీలు) అడగండి. పోయేది అక్టోబర్‌లో పోండి. మార్చిలో ఏ గిర్నీ అయినా తిరుగుతూనే కనబడుతుంది.