మామిడి పళ్ళ పందెం పెట్టుకునే ముందు

చిరంజీవి సుజాతకి పెద్దమ్మ ఆశీస్సులు.

మే నెలలో స్నేహితులందర్నీ పిలిచి, కళ్ళకు గంతలు కట్టి, నోట్లో పెట్టిన ముక్క ఏ రకం మామిడిదో చెప్పించే పందెం పెడతానన్నావు. నాకు చాలా నచ్చింది. ఎవరిని పిలవాలి, గది ఎలా అలంకరించాలి అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో: ఈ విందులో ముప్పాతిక పని గడ్డి బుట్టలోనే జరుగుతుంది. ఆరు రకాల పళ్ళూ ఒకే ఆదివారం సాయంత్రానికి సమంగా మాగాలి. ఒకటి దోరగా, ఇంకొకటి మాగి మెత్తబడిపోయి ఉంటే, ఎవరు దేనికి ఎన్ని మార్కులు వేసినా అది రకానికి వేసినట్టు కాదు, నువ్వు మాగబెట్టిన తీరుకు వేసినట్టు.

రోజు మే రెండో వారంలోనో మూడో వారంలోనో పెట్టుకో. అప్పటికి సువర్ణరేఖ ఇంకా దొరుకుతుంది, బంగినపల్లి నిండుగా ఉంటుంది, రసాలు దిగుతాయి, హిమాయత్ మొదలవుతుంది. జూన్ దాకా ఆగావంటే సువర్ణరేఖ అయిపోతుంది. పైగా తొలకరి పడ్డాక కాయల్లో పండు ఈగ పురుగు ఎక్కువవుతుంది. నీలం అప్పుడే వస్తుంది కానీ దాని టెంకలో ముక్కుపురుగు ఉండటం మామూలు. నలుగురి ముందు కోసే పళ్ళెంలోకి అది వద్దు.

ఎనిమిది మందికి ఆరు రకాలు చాలు. ఏడోదాన్నించి నాలుకకు తేడా తెలియదు, అన్నీ ఒకటే తీపిగా అనిపిస్తాయి. నన్నడిగితే తోతాపురి, సువర్ణరేఖ, బంగినపల్లి, హిమాయత్ కోసుకు తినేందుకు, చిన్న రసాలు, పెద్ద రసాలు పిండుకునేందుకు పెట్టు. దశేరి దొరికినా ఈసారికి పక్కన పెట్టు, మన వైపు పళ్ళకే చోటు చాలదు.

లెక్క ఇలా వేసుకో. కోత రకాల్లో మనిషికి 40 గ్రాముల గుజ్జు కావాలి, అంటే రెండు పెద్ద ముక్కలు. ఎనిమిది మందికి 320 గ్రాములు. 400 గ్రాముల బంగినపల్లి పండుకు తొక్కా టెంకా పోగా 260 గ్రాముల దాకా మిగులుతుంది. కాబట్టి రకానికి రెండు పళ్ళు సరిపోతాయి, కానీ మూడు కొను. ఆ మూడోది లోపల నల్లబడ్డ పండు తగిలితే ఆదుకోవడానికి. చిన్న రసాలు పద్నాలుగు తీసుకో: నాలుగు పిండటానికి, ఎనిమిది చీకే పందానికి, రెండు పైన. పెద్ద రసాలు అయిదు చాలు.

ఇక కొనడం. మాగిన పళ్ళు కొనకు, ముదిరిన కాయలు కొను. మాగిన పండు ఎలా మాగిందో నీకు తెలియదు, ఆదివారం దాకా నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. విజయవాడ దగ్గరైతే నున్న మార్కెట్టుకు, హైదరాబాదులో అయితే బాటసింగారానికి పొద్దున్నే వెళ్ళు. కాయ ముదిరిందో లేదో భుజాలు చెబుతాయి: ముచ్చిక చుట్టూ కండ లేచి, ముచ్చిక గుంటలో దిగినట్టు కనిపించాలి. ముచ్చిక దగ్గర భుజాలు ఇంకా జారుగా ఉంటే అది లేతకాయ. దాన్ని ఎన్నాళ్ళు గడ్డిలో పెట్టినా మాగదు, వడిలి తొక్క ముడతలు పడుతుంది, రుచి పుల్లగా చప్పగా ఉండిపోతుంది. ఇంటికొచ్చాక బకెట్టు నీళ్ళలో వేసి చూడు. ముదిరినవి మునుగుతాయి, లేతవి తేలతాయి. తేలినవాటిని పప్పులోకి వాడుకో, పందానికి పనికిరావు.

కార్బైడ్ సంగతి నీకు తెలిసిందే, చట్టం ప్రకారం పళ్ళు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదు. 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళ దాకా, ఇథిలీన్ గ్యాసుకు మాత్రం అనుమతి ఉంది. పెట్టెలో కాయలకు ఆనుకుని పొడి పొట్లాలు కనిపిస్తే ఆ పెట్టె ముట్టుకోకు. పైన ఒకే తీరుగా పసుపు తిరిగి, ముచ్చిక దగ్గర వాసనే రాని పండును అనుమానించాల్సిందే. కోస్తే లోపల గట్టిగా, తెల్లగా, పుల్లగా ఉంటుంది.

నీళ్ళలో చూశాక కాయల్ని గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వు. తడి ఉంటే ముచ్చిక దగ్గర నల్ల మచ్చ మొదలై రెండు రోజుల్లో పండంతా పాకుతుంది. అట్టపెట్టె అడుగున వరిగడ్డి నాలుగు వేళ్ళ మందాన పరిచి, కాయల్ని ముచ్చిక కిందికి ఉండేలా ఒకదానికొకటి ఆనకుండా పేర్చు, పైన మళ్ళీ గడ్డి. రెండు వరసలకు మించొద్దు, బరువుకు కింది కాయలు నలుగుతాయి. ఫ్లాట్లో గడ్డి దొరక్కపోతే పాత పేపర్లు చాలు. ప్లాస్టిక్ సంచిలో మాత్రం మూట కట్టకు, చెమ్మ పట్టి బూజు వస్తుంది.

రకాన్ని బట్టి రోజులు మారతాయి, ఎండను బట్టి ఇంకా మారతాయి. ఇంట్లో ఏసీ లేకుండా మే నెల వేడికి బంగినపల్లి, హిమాయత్ ఆరేడు రోజులు తీసుకుంటాయి. రసాలు, సువర్ణరేఖ నాలుగైదు రోజుల్లో దారికొస్తాయి. అందుకని అన్నీ ఒకేసారి కొనకు. బంగినపల్లి, హిమాయత్ ముందు ఆదివారం తెచ్చెయ్. రసాలు, సువర్ణరేఖ, తోతాపురి మంగళవారం తీసుకో. వీలైతే బంగినపల్లి మాత్రం మంగళవారం ఇంకో మూడు కాయలు తెచ్చి వేరే పెట్టెలో వెయ్యి. రెండు విడతల్లో ఒకటి తప్పకుండా ఆదివారానికి అందుతుంది. పెట్టె మీద రకమూ తేదీ రాయి, లేకపోతే శుక్రవారానికి ఏది ఏ విడతో నీకే తెలియదు.

బుధవారం నుంచి పూటకోసారి చెయ్యి పెట్టి చూడు. బొటనవేలితో నొక్కకు, నొక్కిన చోట మర్నాటికి నల్లబడుతుంది. అరచేతిలో పెట్టుకుని మెల్లగా మూసి చూడు, ముచ్చిక దగ్గర వాసన పట్టు. ఆ వాసనే అసలు గుర్తు. రంగును నమ్ముకుంటే హిమాయత్ దగ్గర మోసపోతావు, అది మాగాక కూడా చాలావరకు పచ్చగానే ఉంటుంది. శుక్రవారానికి కూడా గట్టిగా ఉన్నవాటితో ఒక మాగిన అరటిపండు వేసి కాగితపు సంచిలో మడిచి పెట్టు. అరటిపండు వదిలే గ్యాసు ఒక రోజు ముందుకు జరుపుతుంది. ముందే మాగిపోయిన పండుంటే ఫ్రిజ్ కింది అరలో రెండు రోజులు ఆపొచ్చు. కాయగా ఉన్నదాన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టావంటే అయిపోయినట్టే. ఆ చలికి మాగే గుణం దెబ్బతిని, తర్వాత బయట పెట్టినా తొక్క మచ్చలు పడుతుందే గాని రుచి రాదు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పళ్ళన్నీ పెద్ద గిన్నెడు నీళ్ళలో వేసి అరగంట ఉంచు. తొక్క మీద ఎండిన సొన పోవాలి. పెదాలు మండేదీ, మూతి చుట్టూ పొక్కేదీ ఎక్కువగా ఆ సొన వల్లే. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం, కాబట్టి జీడిపప్పు పడనివాళ్ళు ఎవరైనా వస్తున్నారేమో ముందే కనుక్కో. షుగరున్న పెద్దవాళ్ళు వస్తే వాళ్ళ పళ్ళెంలో సగం ముక్కే పెట్టు, ఆటలో మాత్రం అందరితో సమానంగా ఆడనివ్వు. ఫ్రిజ్‌లోంచి తీసినవి కనీసం రెండు గంటలు బయట ఉండాలి. చల్లటి పండుకు వాసనా ఉండదు, సగం తీపీ తెలియదు.

విందు వేళ సాయంత్రం నాలుగున్నర. భోజనం బరువు దిగి, ఆకలి ఇంకా వెయ్యని సమయం అది. వచ్చేవాళ్ళకు కాఫీ ఇవ్వకు, వక్కపొడి పళ్ళెం దాచెయ్. ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు: అగరొత్తులు వెలిగించకు, మల్లెపూలు ఆ గదిలో పెట్టకు, వచ్చేవాళ్ళను సెంటు కొట్టుకోవద్దని చెప్పు. మే నెల అనగానే మల్లెలూ మామిళ్ళూ జంటగా గుర్తొస్తాయి కానీ మల్లెల ముందు సువర్ణరేఖ వాసన నిలవదు.

పళ్ళు కోసేది వంటింట్లో, ఎవరూ చూడకుండా. బంగినపల్లి నున్నటి పసుపూ, తోతాపురి ముక్కూ చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. స్టీలు కత్తే వాడు, ఇనప కత్తిపీటతో కోస్తే అంచులు నల్లబడి ముక్కకు ఇనుము రుచి పడుతుంది. రెండు చెంపలూ తీసి, తొక్క చెక్కి, అన్ని రకాలనూ ఒకే సైజు ముక్కలు చెయ్యి. ముక్క సైజును బట్టి కూడా జనం ఊహిస్తారు. ఒక రకం తింటుండగా తర్వాతి రకం కొయ్యి. అన్నీ ముందే కోసి పెడితే ముక్కలు నీరు వదిలి, వాసన ఎగిరిపోయి, ఈగలు మూగుతాయి. కోసిన పళ్ళెం మీద ఎప్పుడూ జల్లెడ బోర్లించి ఉంచు. పళ్ళేల అడుగున అంకెలు వేసి, ఏ అంకె ఏ రకమో ఒక చీటీలో రాసి మడిచి నీ దగ్గరే పెట్టుకో. కోసే మనిషి పందెంలో ఉండకూడదు.

వరస చాలా ముఖ్యం. తోతాపురి పండుతో మొదలుపెట్టు, అందులో తీపి తక్కువ, నాలుకకు మేలుకొలుపు. తర్వాత సువర్ణరేఖ, ఆపైన బంగినపల్లి, దాని వెనక హిమాయత్. చివర రసాలు. హిమాయత్ ముందు పెట్టావంటే తర్వాత తిన్న బంగినపల్లి కూడా పుల్లగా అనిపిస్తుంది. రకానికీ రకానికీ మధ్య గోరువెచ్చటి నీళ్ళు రెండు గుక్కలు, నాలుగు మరమరాలు. మరమరాలకు ఉప్పూ కారం తగలకూడదు. కారం ఒక్కసారి నాలుక మీద పడితే పావుగంట వరకు తీపి తేడాలు పట్టవు. తోతాపురి కాయ ముక్కలు ఉప్పూకారంతో పెట్టాలని నీకు ఉంటుంది, పెట్టు, కానీ అన్నీ అయ్యాక.

మార్కుల కాగితంలో అయిదు గళ్ళు చాలు: వాసన, తీపి, పులుపు, పీచు, మింగాక నోట్లో నిలిచే రుచి. ఒక్కోదానికి అయిదు. పులుపుకు ఎక్కువ మార్కులంటే ఎక్కువ పులుపనా, తీపికి తగ్గ పులుపనా? ఇది ముందే చెప్పకపోతే లెక్కలన్నీ తారుమారవుతాయి. తగ్గ పులుపు అనే పెట్టుకో. గంతలు కట్టుకున్నవాళ్ళు రాయలేరు కాబట్టి జంటలు చెయ్యి: ప్రతి రకానికీ ముందు ఒకరు తిని చెవిలో చెబితే ఇంకొకరు రాయాలి, తర్వాత తారుమారు. కాగితం మడిచేదాకా ఎవరూ పైకి అనకూడదు. గట్టిగా "ఇది బంగినపల్లే!" అన్న ఒక్క గొంతు చాలు, మిగతా ఏడుగురూ అదే రాస్తారు. పేర్ల దగ్గర వాదన వస్తుంది, ముందే నిర్ణయించుకో: హైదరాబాదువాళ్ళు బేనిషాన్ అన్నా అది బంగినపల్లే, కృష్ణా వైపువాళ్ళు కలెక్టర్ అన్నా చిత్తూరువాళ్ళు బెంగళూరు అన్నా తోతాపురే, ఇమాం పసంద్ అంటే హిమాయతే. ఏ పేరు చెప్పినా మార్కు ఇవ్వు. బంగినపల్లి పేరు ఊరిపేరే, నంద్యాల జిల్లాలో ఉంది, ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇలాంటివి ఒకటి రెండు మధ్యలో ప్రశ్నలుగా వేస్తే బావుంటుంది, క్విజ్‌లా సాగదీయకు.

రసాల్ని గిన్నెలోకి పిండి, రెండు రకాలనూ ఒకేలాంటి టీ కప్పుల్లో సగం సగం పొయ్యి. వడకట్టకు, పీచు తెలియాలి. మార్కులయ్యాక గంతలు విప్పి చీకే పందెం పెట్టు. చిన్న రసాన్ని రెండు అరచేతుల మధ్య దొర్లిస్తూ కింది నుంచి పైకి మెల్లగా పిసకాలి, లోపల గుజ్జంతా టెంక వదిలేదాకా. ముచ్చిక తీసి మొదటి రెండు చుక్కలు పిండి పారెయ్యాలి. అప్పుడు నోట పెట్టుకోవాలి. తొందరపడి గట్టిగా నొక్కినవాళ్ళ పండు పక్కనుంచి పగిలి మోచేతి దాకా కారుతుంది. తొక్క పగలకుండా, టెంక తెల్లగా చీకినవాళ్ళు గెలిచినట్టు. వేగానికి బహుమతి పెట్టకు, పిల్లలు గొంతుకు అడ్డం తెచ్చుకుంటారు. బాల్కనీలో పాత దుప్పటి పరిచి ఈ ఆట అక్కడే ఆడించు, తెల్లబట్టలు వద్దని పిలిచేటప్పుడే చెప్పు. రసం మరక వెంటనే చన్నీళ్ళలో పెడితే పోతుంది, సొన మరక మాత్రం వదలదు.

ఇంత తీపి తిన్నాక అందరూ ఉప్పటిది అడుగుతారు. అరకిలో బియ్యంతో దద్దోజనం కలిపి, పక్కన చల్లమిరపకాయలు వేయించి పెట్టు. ఇంకో అరకిలోతో మామిడికాయ పులిహోర. దీనికి నీళ్ళలో తేలిన కాయలు బాగా పనికొస్తాయి. మిల్క్‌షేకులు, మామిడి కేకులు పెట్టకు. పండు తిన్న నోటికి అవి చక్కెరలా ఉంటాయి. గెలిచినవాళ్ళకు కొత్తావకాయ సీసా ఇస్తే చాలు.

మిగిలిన గుజ్జును పారెయ్యకు. నెయ్యి రాసిన పళ్ళెంలో పలచగా పరిచి, పైన పలచటి గుడ్డ కట్టి ఎండబెట్టు. ఒక పొర ఆరాక దాని మీదే ఇంకో పొర. నాలుగైదు ఎండలకు తాండ్ర అవుతుంది. టెంకలు నాటుతామని ఎవరైనా పట్టుకెళితే పట్టుకెళ్ళనివ్వు కానీ, మొలిచిన చెట్టుకు అదే పండు కాస్తుందని ఆశపెట్టకు. ఆ రకం కావాలంటే అంటుమొక్కే నాటాలి.

ఇదే పద్ధతిలో చలికాలం పొడులతోనో, ఆవకాయ, మాగాయ, పెసరావకాయలతోనో పెట్టుకోవచ్చు. అప్పుడు మరమరాల బదులు వేడి తెల్లన్నం, నెయ్యి లేకుండా. దాని వివరాలు అప్పుడు రాస్తాను.

కాయలు తెచ్చిన రోజు ఏ రకం ఎన్ని, ఎంత గట్టిగా ఉన్నాయో ఒక ఫోటో తీసి పంపు. మీ ఇంట్లో పెట్టె ఎక్కడ పెట్టావో కూడా చెప్పు, పొయ్యి పక్క గోడ దగ్గరైతే ఒక రోజు ముందే మాగిపోతాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ