ఆమ్లం కలిపితే నీళ్లు క్షారమవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి మిగతా పాఠాల్లో మంచి మార్కులే వస్తాయి. ఒక్క రసాయన శాస్త్రంలో అయానిక సమతాస్థితి దగ్గర ఆగిపోయింది. పీహెచ్, బఫర్, ద్రావణీయతా లబ్ధం లెక్కలంటే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. తనకు ఫార్మసీ చదవాలని ఉంది. ఈ మాత్రం లెక్కలే రానప్పుడు ఆ దారి ఎందుకని, ఇప్పుడే డేటా సైన్స్ వైపు మార్పించేద్దాం అనుకుంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పగలరు. పరీక్ష పేపరు జత చేస్తున్నాను. – ఒక తండ్రి

జవాబు: పేపరు మొత్తం చూశాను. మీరు పైనున్న మార్కు దగ్గరే ఆగిపోయారనిపించింది. నన్ను ఆపింది నాలుగో లెక్క. 10⁻⁸ మోలార్ (లీటరుకు అన్ని మోల్‌లు) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అని అడిగితే అమ్మాయి 8 అని రాసింది. పీహెచ్ ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. సూత్రం సరైనదే, లాగరిథం తీయడమూ సరిగ్గానే ఉంది. అయినా, ఆమ్లం కలిపిన నీళ్లు క్షారంగా ఎలా మారతాయి? ఇదే తప్పు నేను ఎన్నో పేపర్లలో చూశాను. ఎక్కువగా చురుకైన పిల్లలే చేస్తారు, వాళ్ల చేయి ఆలోచన కంటే ముందు పరుగెడుతుంది కాబట్టి.

అంత పలచని ఆమ్లంలో అసలు లెక్కలోకి తీసుకోవలసింది నీటినే. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు 10⁻⁷ మోలార్ ఉంటాయి, అంటే ఆ ఆమ్లం ఇచ్చేవాటికి పది రెట్లు. అలాగని రెండూ కూడేసి 1.1×10⁻⁷ అనకూడదు. ఆమ్లం చేరగానే నీటి వియోజనం, అంటే నీళ్లు అయాన్లుగా విడిపోవడం, కొంత వెనక్కి తగ్గుతుంది. అది కూడా చూసుకుని చేస్తే 1.05×10⁻⁷ వస్తుంది, పీహెచ్ 6.98. ఏడుకి కాస్త కిందే, ఉండవలసిన చోటే.

సిల్వర్ క్లోరైడ్ లెక్కలోనూ అదే జరిగింది. ద్రావణీయతా లబ్ధం, అంటే ఇక కరగలేని స్థితిలో ద్రావణంలో ఉన్న రెండు అయాన్ల గాఢతల లబ్ధం, 1.8×10⁻¹⁰ ఇచ్చారు. అమ్మాయి వర్గమూలం తీసి 1.34×10⁻⁵ అని రాసేసింది. అది నీళ్లలో ద్రావణీయత. ప్రశ్నలో ఉన్నది 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం. క్లోరైడ్ అయాన్లు అందులో ముందే నిండుగా ఉన్నాయి, కనుక కరిగేది 1.8×10⁻⁹ మోలార్ మాత్రమే. ఏడు వేల రెట్లకు పైగా తగ్గిపోయింది, అదీ ఒక్క ఉమ్మడి అయాన్ వల్ల!

ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ లెక్కలో జవాబు 2.88 సరిపోయింది, కానీ పేజీ నిండా వర్గ సమీకరణం సాధించింది. 0.1 మోలార్ ద్రావణంలో నూటికి ఒకటీ ముప్పాతిక కూడా కాదు, 1.3 వంతే విడిపోతుంది. 0.1లోంచి అంత తీసేసినా 0.1గానే అనుకోవచ్చు, రెండు వరుసల్లో పని అయిపోతుంది. అదే ఆమ్లాన్ని 0.0001 మోలార్‌కి పలచన చేస్తే మాత్రం మూడో వంతు విడిపోతుంది, అక్కడ వదిలేస్తే జవాబు చెడుతుంది. ఎక్కడ వదలాలి, ఎక్కడ వదలకూడదు అన్న విచక్షణే ఈ పాఠం అసలు సారం. అది మొదటిసారి చదివినప్పుడే పట్టుబడిన పిల్లలు అరుదు.

ఇప్పుడు మీతో ఒక మాట కటువుగా చెప్పాలి. "ఈ మాత్రం లెక్కలే రానప్పుడు" అని రాశారు. అది అమ్మాయి ఎదుట కూడా అన్నారా? అని ఉంటే ఆ కన్నీళ్లలో సగం మీ మాటవే. మార్కు చూసి దారి మార్చేయడానికి సిద్ధపడ్డారు గానీ, ఏ లెక్క ఎందుకు తప్పిందో పక్కన కూర్చుని ఒక్కసారి అడిగారా? మీ భయం నాకు అర్థమవుతుంది. ఇప్పుడు తప్పటడుగు వేస్తే జీవితమంతా పోతుందేమోనని. ఒక పాఠం వల్ల జీవితాలు పోవు. అమ్మాయికి లెక్కలు వచ్చు. ఆ ద్రావణంలో ఏమేం ఉన్నాయో ముందు ఊహించుకోవడం రాలేదు, అంతే. కొన్ని వారాల్లో అలవడే విషయం అది.

ఇక డేటా సైన్స్. దాని మీద ప్రేమ ఉన్నవాళ్లు తప్పక వెళ్లాలి. రసాయన శాస్త్రం నుంచి పారిపోయి వెళ్లేవాళ్లను చూస్తేనే నాకు బెంగ. అక్కడా లాగరిథమ్‌లుంటాయి, అక్కడా ఏ చిన్న సంఖ్యను వదిలేయవచ్చో తేల్చుకోవాలి. మీ అమ్మాయి వాడిన సూత్రాన్నే కంప్యూటర్‌కి ఇస్తే అదీ 8 అనే చెబుతుంది, క్షణం తడబడకుండా. ఇది కుదరదని గుర్తుపట్టవలసింది మనిషే. అందుకు నీటి గురించి తెలిసి ఉండాలి. ఆ రంగంలో పనిముట్లు త్వరత్వరగా మారిపోతుంటాయి. ఏదో ఒక విషయం లోతుగా తెలిసినవాళ్లు ఆ పనిముట్లను తర్వాతైనా నేర్చుకోగలరు. విషయం లేకుండా పనిముట్లతోనే మొదలుపెట్టినవాళ్లు ఏం నమ్మాలో తెలియక అల్లాడడం చూశాను.

ఫార్మసీలో ఈ లెక్కలు రోజూ కనిపిస్తాయి. మందుల్లో చాలావరకు బలహీన ఆమ్లాలో బలహీన క్షారాలో. అవి ఎక్కడ ఎంత కరుగుతాయన్నది పీహెచ్‌ని బట్టి ఉంటుంది. చాలా మందులను లవణ రూపంలో తయారుచేసేదీ అందుకే. బఫర్ అంటే కాస్త ఆమ్లమో క్షారమో చేరినా పీహెచ్ పెద్దగా మారనివ్వని ద్రావణం. దాని పీహెచ్ లెక్కకు శాస్త్రవేత్త హెండర్సన్ 1908లో రాసిన సమీకరణాన్ని హాసెల్‌బాల్క్ 1916లో లాగరిథమ్ రూపంలోకి మార్చింది రక్తం గురించే. రక్తంలో లీటరుకు బైకార్బనేట్ 24 మిల్లీమోల్‌లు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2, నిష్పత్తి 20. దాని లాగరిథం 1.3కి ఆ ఆమ్లం బలాన్ని చెప్పే స్థిరాంకం 6.1 కలిపితే 7.4, ఆరోగ్యవంతుడి రక్తం పీహెచ్. ఈ ఒక్క లెక్క అమ్మాయికి చూపించండి. బఫర్ మీద కోపం పోతుందని నా నమ్మకం.

రోజుకి రెండు లెక్కలు చాలు. సూత్రం రాయక ముందు ద్రావణంలో ఏయే అయాన్లున్నాయో, వాటిలో ఏది ఎక్కువో కాగితం మీద పెట్టమనండి. జవాబు వచ్చాక ఇది సాధ్యమేనా అని తనని తనే అడుక్కోవాలి. మీరు పక్కన కూర్చోండి, జవాబు మాత్రం అడగవద్దు. దారి సంగతి ఈ పాఠం రెండోసారి పూర్తయ్యాక మాట్లాడుకుందాం. అప్పుడు ఉత్తరం తననే రాయనివ్వండి.