రె: గేజ్‌లో 3 బార్ ఉన్నా తోతాపురి పల్ప్ 90 డిగ్రీలకి రావడం లేటవుతోంది

జాకెట్‌లో అంటే పల్ప్ కాగే కెటిల్ చుట్టూ స్టీమ్ తిరిగే ఖాళీలో, గాలి ఇరుక్కున్నట్టుంది అన్నా, బాయిలర్ జోలికి ఇప్పుడే పోవద్దు. బంగారుపాళ్యం యూనిట్లో ప్రెజర్ బాగానే ఉంది, కెటిల్ మాత్రం వేడెక్కదు అన్నావు కదా, గేజ్‌కి గాలి ఏదో స్టీమ్ ఏదో తెలీదు, రెండూ కలిపి చూపిస్తాది. అచ్చం స్టీమే ఉంటే 3 బార్ గేజ్ దగ్గర సుమారు 144 డిగ్రీలు ఉండాల, అందులో నాలుగో వంతు గాలి కలిస్తే 133 దగ్గరే ఆగిపోతాది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ గాలి గోడకి పొరగా పట్టి స్టీమ్‌ని అడ్డుకుంటాది. స్టీమ్ గోడ మీద నీళ్లయితేనే కదా వేడి పల్ప్‌కి దిగేది.

1. రాత్రి ఆపినాక జాకెట్ చల్లబడి గాలి పీల్చుకుంటాది. అందుకే పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ వెంట్ తెరిచిపెట్టి స్టీమ్ నిదానంగా వదలాల, గాలంతా పోయి స్టీమ్ ఆగకుండా వచ్చినాకే వెంట్ మూయాల. తొందర్లో అందరూ వదిలేసేది ఇదే. చెయ్యి దూరంగా పెట్టుకో.
2. వెంట్ స్టీమ్ ఇన్‌లెట్ పక్కనే ఉంటే దండగ, అవతలి చివర ఉండాల.
3. స్టీమ్ ట్రాప్ (స్టీమ్‌ని ఆపి నీళ్లని మాత్రం బయటికి వదిలే వాల్వ్) చల్లగా ఉంటే లోపల నీళ్లు నిలబడినట్టే, స్ట్రైనర్ (దాని ముందుండే జల్లెడ) విప్పి కడుగు.
4. ఇవన్నీ సరిగ్గా ఉంటే లోపలి గోడకి మాడిన పల్ప్ పట్టిందేమో చూడు.