ఇంటర్‌లో దారి చూపిన మాస్టారే బీటెక్‌లోనూ చూపాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి విజయవాడ దగ్గర ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి నుంచి ఏ సందేహం వచ్చినా మా వీధిలో ఉండే లెక్కల మాస్టారినే అడిగేది. ఇప్పుడు వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వైపు వెళ్లాలా, సాఫ్ట్‌వేర్‌కు ప్రిపేర్ అవ్వాలా అని అడిగితే ఆయన ‘నాకు తెలియదమ్మా’ అన్నారు. కాలేజీ ఇచ్చిన మెంటార్ అటెండెన్స్ తగ్గితే ఫోన్ చేస్తారు, అంతే. ఆన్‌లైన్‌లో ఎవరో 40,000 రూపాయలకు మెంటార్‌షిప్ ఇస్తామంటున్నారు. చేర్చమంటారా?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ముందు ఆ మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. తెలియనిది తెలియదని చెప్పే పెద్దవాళ్లు దొరకడం పిల్లల అదృష్టం. ఆయన ‘సాఫ్ట్‌వేరే బెస్ట్’ అనేసి ఉంటే మీ అమ్మాయి ఆ మాటే పట్టుకుని కూర్చునేది.

ఇంటర్‌లో పిల్లలకు దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. ఎక్కడ తప్పు చేస్తున్నారో, ఈఏపీసెట్ టెన్షన్‌లో నిద్ర మానేస్తున్నారేమో గమనించే మనిషి. ఆ పని ఆయన చేశారు. ఇప్పుడు మీ అమ్మాయికి అదే దారిలో మూడు నాలుగేళ్లు ముందున్నవాళ్లు కావాలి.

మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణకు చదరంగం మొదట నేర్పింది తాతగారు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, తెర వెనుక సాయం చేసిన బృందంలో ఈ హరికృష్ణ కూడా ఉన్నారు. గుకేశ్‌కు అంతకుముందే విశ్వనాథన్ ఆనంద్ లాంటి పెద్దాయన అండ ఉంది. అయినా ఆ పోటీకి వేరే బృందం కావాల్సి వచ్చింది. దాంతో పాత గురువులను తక్కువ చేసినట్టేమీ కాలేదు. మీ అమ్మాయి కూడా మాస్టారు ఏమనుకుంటారోనని మొహమాటపడక్కర్లేదు.

కాలేజీ మెంటార్‌ను కొట్టిపారేయకండి. ఒక్కో మెంటార్‌కు ఎంతమంది విద్యార్థులని, కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ చూస్తుంది కాబట్టి కాలేజీలు పేర్లు కేటాయిస్తాయి. క్లాసుల పని మీద ఇది అదనం, అందుకే చాలాచోట్ల ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ లెక్చరర్‌కు పాత బ్యాచ్‌లు తెలుసు. ‘మన బ్రాంచ్ నుంచి వీఎల్‌ఎస్‌ఐలోకి వెళ్లిన సీనియర్లు ఎవరున్నారు మేడమ్?’ అని అడిగితే పేర్లు చెప్తారు. లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిచినా పూర్వ విద్యార్థులు కనిపిస్తారు.

వాళ్లకు ‘ప్లీజ్ గైడ్ మీ సర్’ అని పెడితే జవాబు రాదు. ‘వెరిలాగ్‌లో ఈ చిన్న ప్రాజెక్ట్ చేశాను. వెరిఫికేషన్ ఉద్యోగాలకు వెళ్లాలంటే ఈ సెలవుల్లో సిస్టమ్ వెరిలాగ్ నేర్చుకోనా, ఇంటర్న్‌షిప్ వెతుక్కోనా?’ అని రాయమనండి. (వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ చిప్ డిజైన్‌లో వాడే భాషలు; వెరిఫికేషన్ అంటే ఆ డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించడం.) ఇలాంటి ప్రశ్నకు పని ఒత్తిడిలో ఉన్నవాళ్లు కూడా పది నిమిషాలు కేటాయిస్తారు. చూపించడానికి ఇంకా ఏమీ లేకపోతే ముందు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో డిజిటల్ డిజైన్ పాఠాలు మొదలుపెట్టమనండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

ఒక్కరితో ఆగవద్దు. చిప్ డిజైన్‌లో ఉన్నవాళ్లు ఒకరు, ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినవాళ్లు ఒకరు, గేట్ రాసి ఎంటెక్ చేసినవాళ్లు ఒకరు. ఎవరి దారి వాళ్లకు గొప్పగానే ఉంటుంది కాబట్టి ముగ్గురి మాటా విన్నాకే మీ అమ్మాయి నిర్ణయించుకోవాలి. ‘నేను చెప్పినట్టే చెయ్యి’ అనేవాళ్లను, ఒంటరిగా బయట కలవమనేవాళ్లను అక్కడే వదిలేయాలి. ఎవరితో మాట్లాడుతోందో ఇంట్లో తెలిసి ఉండాలి.

ఉద్యోగంలో చేరాక మళ్లీ వేరే మనిషి అవసరమవుతారు. ఆఫీసులోనే, కానీ తన మేనేజర్ కాని సీనియర్ అయితే మంచిది. అప్రైజల్ చేతిలో ఉన్న మనిషికి భయాలన్నీ చెప్పుకోలేం కదా. పెళ్లి, పిల్లల తర్వాత ఉద్యోగానికి తిరిగి వెళ్లాలనుకునే ఆడవాళ్లకు, అలా వెళ్లిన మరో ఆవిడ మాట ఎంత ధైర్యమిస్తుందో నేను కళ్లారా చూశాను.

ఇవన్నీ చేశాక కూడా ఆ ఆన్‌లైన్ ప్రోగ్రామ్ కావాలనిపిస్తే, మెంటార్ ఎవరో, ఎక్కడ పనిచేస్తున్నారో, ఎంతమందిని చూస్తారో డబ్బు కట్టకముందే అడగండి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని మాత్రమే చెప్తుంటే వద్దు.

సీనియర్లతో మాట్లాడాల్సింది మాత్రం మీ అమ్మాయే. మీరు పక్కన కూర్చుని ప్రశ్నలు అందించకండి. మొదటి కాల్‌లో కాస్త తడబడుతుంది, తడబడనివ్వండి.