రేవు గట్టు మీద వెనకడుగు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు వచ్చే నెల దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ ట్రోపే వెళ్ళి, ఆ రేవులోని ఎండను, రంగులను కలపకుండా చుక్కలుగా పక్కపక్కన పెట్టిన ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సిన్యాక్ పద్ధతిలో పెద్ద కాన్వాసు మీద తైలవర్ణాలతో చిత్రించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఊరికి రైలు లేదు. సెయింట్ రఫాయెల్‌లో దిగి బస్సెక్కు. టోపీ మరిచిపోకు. నలుపు ట్యూబు ఇంట్లోనే వదిలెయ్యి, సిన్యాక్ నీడలను కూడా నీలంతో, ఊదాతో కట్టినవాడు. రేవు పక్కనే, ఒకప్పటి ప్రార్థనామందిరంలో ఉన్న అనోన్సియాద్ మ్యూజియంకు మొదటి రోజే వెళ్ళి, ఆయన కుంచె గుర్తుల అసలు పరిమాణం కళ్ళారా చూడు. ఈ చుక్కల పద్ధతికి ఆద్యుడైన మిత్రుడు స్యూరా పోయిన మరుసటి ఏడు, 1892లో, సొంత పడవలో ఆ ఊరు చేరిన సిన్యాక్ చేతిలో పాత చుక్కలు క్రమంగా మొజాయిక్ రాళ్ళంత పలకలయ్యాయి. పుస్తకాల్లోని చిన్న అచ్చుబొమ్మల్లో అది తెలియదు.

ఇక నా భయం సంగతి. నారింజ పక్కన నీలం కలపకుండా పెడితే, ఆ రెండూ దూరం నుంచి చూసే కంటిలోనే కలుస్తాయి కనుక, ఈ పద్ధతిలో బొమ్మ వేసేవాడు మాటిమాటికీ వెనక్కి జరగక తప్పదు. 1988 వేసవిలో అదే గట్టు మీద స్టాండు నిలబెట్టి, నాలుగు గుర్తులు పెట్టడం, ఆరడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు చికిలించి చూడడం, ఇలా మధ్యాహ్నం దాకా గడిపాను. చూపంతా కాన్వాసు మీదే ఉంది, వెనుక నీళ్ళున్నాయన్న ధ్యాస లేదు. పడవను కట్టిన మోకు మడమకు తగిలింది. ఈత రాని నన్ను ఒక జాలరి గెడ అందించి పైకి లాగేసరికి, మిస్ట్రాల్ అనే ఆ ప్రాంతపు ఉత్తరపు ఈదురుగాలి కాన్వాసును బోర్లా పడగొట్టింది. ఆ రేవు ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది, గాలికి అడ్డమేమీ లేదు. నిజం చెప్పాలంటే, నేను పడకపోయినా ఆ బొమ్మ మునిగేదే. వెలుగు మారిపోతుందన్న తొందరలో తడి నారింజను తడి నీలానికి తాకించి అంతా బురద చేశాను.

సిన్యాక్ రంగుల సిద్ధాంతాన్ని కంఠస్థం చేసిన నేను, ఆయన ఎలా పని చేసేవాడో తెలుసుకోలేదు. పెద్ద తైలవర్ణ చిత్రాలను ఆరుబయట వేయడం ఆయన ఏనాడో మానుకున్నాడు. రేవులో చిన్న నీటిరంగుల చిత్రాలు వేసుకుని, పెద్దవాటిని స్టూడియోలో తీరిగ్గా కూర్చేవాడు. 1901–02లో వేసిన సెయింట్ ట్రోపే రేవు చిత్రం ఇప్పుడు టోక్యోలో ఉంది. దాని వెడల్పు ఐదడుగులకు పైనే. అంతటి కాన్వాసును ఆ గాలిలో ఎవరు పట్టుకుంటారు, పిచ్చితల్లీ?

నువ్వు గోడకు వీపు ఆనించి కూర్చుని, ఒళ్ళో పట్టేంత కాగితం మీద నీటిరంగులే వాడు. పెద్ద కాన్వాసు ఇంటికి వచ్చాక. సాయంత్రం బస చేరగానే ఫోను చెయ్యి.

నేను నీళ్ళలో పడిన సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం ఆమె కంట పడనివ్వకు.

మీ మామయ్య