పెట్టెలో ఐదు కిలోల ఊలు, అప్పు మీద కొత్త మెషిన్: ఏది ముందు?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. నాకు 38 ఏళ్లు. మావారు లారీ నడుపుతారు, నెలకు 16 వేలు తెస్తారు. నేను ఇంట్లో జాకెట్లు, నైటీలు కుడతాను. నెలకు సగటున ఐదు వేలు మిగులుతుంది. నాకు ప్రాణం మాత్రం ఊలు అల్లిక. ఆషాఢంలో సూదులు పట్టుకుంటే సంక్రాంతి దాటేదాకా వదలను. రోజుకు రెండు మూడు గంటలు అల్లుతాను. పోయిన ఏడు కిలో 900 చొప్పున 11 వేల ఊలు కొన్నాను. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు కూడా అందులోకే పోయింది. 14 స్వెటర్లు ఒక్కొక్కటి 900కి అమ్మితే 12,600 వచ్చాయి. నాలుగు సగంలో ఆగాయి, ఐదు కిలోల ఊలు పెట్టెలో ఉంది. స్వెటర్ల పనిలో పడి సంక్రాంతికి 15 లైనింగ్ జాకెట్లు తిప్పి పంపాను. ఈ ఏడు 20 స్వెటర్లు, రెండు శాలువాలు, అమ్మకు ఒక బొంత, పిల్లలిద్దరికీ పండక్కి పరికిణీలు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మోటారు మెషిన్, బట్ట అంచుల దారాలు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ కలిపి 38 వేలు చెప్పారు. గ్రూపు లోన్ ఇచ్చే కంపెనీ 24 శాతం వడ్డీకి రెండేళ్లకు ఇస్తానంటోంది. తీసుకోమంటారా? పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, చిన్నదానికి ఎనిమిదేళ్లు. వాళ్ల చదువులకు విడిగా దాచింది ఏమీ లేదు, అదే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందుగా మీరు అడిగిందానికి జవాబు చెప్తాను. ఆ లోన్ తీసుకోకండి. 38 వేలకు 24 శాతం మీద రెండేళ్లపాటు నెలకు సుమారు 2,010 కట్టాలి. మొత్తం 48 వేలు దాటుతుంది, అందులో వడ్డీయే పది వేల పైచిలుకు. కుట్టు మీద మీకు మిగిలే ఐదు వేలలో రెండు వేలు ప్రతి నెలా కిస్తీకి పోతే పిల్లల చదువుకు దాచేది ఎక్కడి నుంచి వస్తుంది?

మెషిన్ వద్దని కాదు. ఏ మెషిన్, ఏ డబ్బుతో అనేది మాట్లాడుకుందాం. దానికంటే ముందు మీ నోట్‌బుక్ తీయండి. చేయాలనుకున్నవన్నీ అందులో ఉన్నాయి కానీ, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుందో లేదు.

పెద్దవాళ్ల స్వెటర్ ఒకటి చేత్తో అల్లితే ముప్పై గంటలు పడుతుందనుకుందాం. మీ చెయ్యి ఇంకాస్త వేగమైతే ఆ మేరకు తగ్గించుకోండి. 450 గ్రాముల ఊలుకు 405 రూపాయలు, గుండీలకు ఇరవై. 900కి అమ్మితే చేతికొచ్చేది 475. ముప్పై గంటలకు 475 అంటే గంటకు 16 రూపాయలు. లైనింగ్ జాకెట్ కుట్టుకూలి మీ వైపు 250 ఉందనుకుంటే, దారం, హుక్కులు, ఓవర్‌లాక్ పోగా 225 మిగులుతుంది. రెండున్నర గంటల పని. గంటకు 90.

మీరు తిప్పి పంపిన 15 జాకెట్లు కుట్టడానికి ముప్పై ఏడున్నర గంటలు సరిపోయేవి. అంటే ఒక స్వెటర్, రెండోదాంట్లో పావు వంతు అల్లే సమయం. ఆ గంటలకు 3,375 రూపాయలు వచ్చేవి. ఇది చదివి మీకు బాధ కలుగుతుందని తెలిసే రాస్తున్నాను. మా అమ్మ రాయగడలో చలి రాత్రుళ్లు స్వెటర్లు అల్లి, ఊలు డబ్బులు వస్తే చాలని అమ్మేది. ఆ చేతుల పనికి ఎవరూ విలువ కట్టలేదు, ఆవిడా కట్టుకోలేదు. అందుకే ఇలాంటి ఉత్తరం వస్తే నేను మొదట గంటలే లెక్క వేస్తాను.

ఇప్పుడు మీ జాబితా చూద్దాం. జులై నుంచి జనవరి దాకా రోజుకు రెండున్నర గంటల చొప్పున, ఒక్క రోజూ మానకుండా అల్లినా 540 గంటలు దాటవు. 20 స్వెటర్లకే 600 గంటలు కావాలి. రెండు శాలువాలకు ఇంకో 120. అంటే సూదులు పట్టకముందే 180 గంటలు తక్కువ పడ్డాయి. ఆ నాలుగు స్వెటర్లు సగంలో ఆగింది మీ బద్ధకం వల్ల కాదు, ఉన్న గంటల్లో అవి పట్టకపోవడం వల్ల.

అల్లిక మానేయమని నేను చెప్పను. సెమిలిగుడ, సునాబెడ చలికి ఊలు బట్ట కావాలి, అది నేర్పుగా అల్లే చెయ్యి మీకుంది. కానీ ఈ ఏడు కొత్త ఊలు ఒక్క ఉండ కూడా కొనకండి. పెట్టెలో ఉన్న ఐదు కిలోలు 4,500 రూపాయల మీ డబ్బు. లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబర్) కలవని మిగులు ఊలుతో పెద్ద స్వెటర్ అల్లితే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చంటిపిల్లల సెట్లకు ఆ ఇబ్బంది లేదు. స్వెటర్, టోపీ, సాక్సులు కలిపి 120 గ్రాముల్లో అయిపోతాయి. రెండు మూడు రంగులు కలిపితే ఇంకా ముచ్చటగా ఉంటాయి. గుచ్చుకోని మెత్తటి ఊలు ఏరండి, నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి గుండీల బదులు ఊలు తాళ్లు పెట్టండి. సెట్టు 450కి అమ్మితే, ఎనిమిది గంటల పనికి ఊలు ఖర్చు పోగా గంటకు దాదాపు 43 పడుతుంది. జాకెట్టంత రాదు, నిజమే. కానీ ఇది కరెంటు పోయినప్పుడు, పిల్లల్ని చదివిస్తూ కూర్చున్నప్పుడు చేసే పని. 25 సెట్లకు మూడు కిలోలు, 200 గంటలు చాలు. కొత్తగా ఊలుకు పైసా పెట్టకుండా 11,250 చేతికొస్తుంది. మనవాళ్ల బాలసారెలకు, ఒడియా ఇళ్లలో ఇరవై ఒకటో రోజు వేడుకకు కానుకగా కొనేవాళ్లు ఉంటారు. ముందు ఐదు సెట్లు అల్లి, అవి ఎలా పోతున్నాయో చూసి మిగతావి మొదలుపెట్టండి.

ఆగిపోయిన నాలుగు స్వెటర్లలో రెండు పూర్తి చేసి, రెండు విప్పేయండి. ఇక పెద్ద స్వెటర్ ఎవరైనా ఆర్డరిస్తేనే, సగం డబ్బు ముందు తీసుకుని, 1,400కి తగ్గకుండా. ఆ ధరకు కూడా మీకు గంటకు 32 రూపాయలే పడుతుంది కాబట్టి బేరానికి దిగకండి. శాలువాల్లో ఒకటి మీకోసం అల్లుకోండి. రెండోది వచ్చే ఏటికి. అమ్మ బొంతకు జాకెట్ల ముక్కలు, పాత చీరలు చాలు, అది ఎండాకాలం పని. పిల్లల పరికిణీలు మాత్రం దసరాకే కుట్టేయండి. సంక్రాంతి ముందు ఇరవై రోజులూ అల్లిక సూదులు లోపల పెట్టి, వచ్చిన జాకెట్లన్నీ తీసుకోండి. జూన్‌లో ఒడియావాళ్ల రజ పండక్కి ఆడపిల్లల బట్టలు, బడి యూనిఫాంలు ఉంటాయి, అప్పుడూ అంతే.

ఇక మెషిన్. ఆ 38 వేలలో ఓవర్‌లాక్ వాటా ఎంతో షాపులో విడిగా అడగండి. చిన్న మూడు దారాల మెషిన్ అయితే పది వేల లోపు ఉండవచ్చు. నా దృష్టిలో మీకు ముందు కావాల్సింది అదే. ఓవర్‌లాక్ కోసం ప్రతి బట్టా పట్టుకుని బజారుకు వెళ్లడం తప్పుతుంది, చుట్టుపక్కల కుట్టేవాళ్ల పని కూడా మీ దగ్గరికి వస్తుంది. దానికి డబ్బు మీ దగ్గరే ఉంది. సుభద్ర కింద రాఖీ పున్నమికి 5,000, మార్చి 8న 5,000 ఖాతాలో పడుతున్నాయి కదా. ఐదేళ్లలో మొత్తం 50 వేలు. ఈసారి ఆ రెండు విడతలూ ఊలు పెట్టెలోకి పోనివ్వకండి. ఒక్క ఏడాదిలో ఓవర్‌లాక్ మెషిన్ అప్పు లేకుండా ఇంటికొస్తుంది. ఇప్పుడున్న తొక్కుడు మెషిన్‌కు చిన్న మోటారు బిగించుకోండి, కరెంటు లేనప్పుడు కాలితోనే కుట్టవచ్చు.

పెద్ద మోటారు మెషిన్ తర్వాత తప్పదనిపిస్తే, దర్జీలవి తీసుకుంటున్నారో లేదో కనుక్కుని, చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మకు దరఖాస్తు పెట్టండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ తీసుకునేటప్పుడు రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15 వేల వరకు వోచర్, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష దాకా 18 నెలల లోన్. అదే 38 వేలు ఇక్కడ తీసుకుంటే మొత్తం వడ్డీ 1,500 చుట్టూ. పది వేలకు, పదిహేను వందలకు ఉన్న తేడా చూడండి. ఇంటికి ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి రాదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు పట్టుకుని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)కు వెళ్లండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

పిల్లల సంగతికి వస్తాను. పెద్దమ్మాయి ప్లస్ టూకి రెండేళ్లు ఉంది. పోస్టాఫీసు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మంచిదే కానీ అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకముందు మూయనివ్వరు. మీ అవసరానికి కుదరదు. బ్యాంకులో 24 నెలల ఆర్డీ నెలకు 1,500తో తెరవండి. చివరికి 38 వేల పైమాట వస్తుంది. చిన్నదాని పేరున పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా ఈ నెలలోనే తెరవండి. పదేళ్లు నిండితే తెరవనివ్వరు, పెద్దదానికి ఆ అవకాశం దాటిపోయింది. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది. మీరు నెలకు 500 వేయండి. పద్దెనిమిదేళ్లు నిండాక లేదా పది పాసయ్యాక చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు.

మీవారిది రోడ్డు మీద బతుకు. బ్యాంకులో ఏడాదికి 436 కట్టే జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఇద్దరికీ చేయించండి. ఇద్దరికీ కలిపి 912. ప్రాణం పోతే జీవన్ జ్యోతిలో మనిషికి 2 లక్షలు, ప్రమాదంలో ప్రాణం పోతే సురక్షా బీమాలో ఇంకో 2 లక్షలు వస్తాయి. దీన్ని వాయిదా వేయకండి, ఊలు కంటే, మెషిన్ కంటే ముందు ఇది.

మీ స్వెటర్లు పార్వతీపురంలోనో సాలూరులోనో బంధువుల ద్వారా అమ్మే ఆలోచన వస్తే ఒక్క మాట. ఒడిశాలోపల ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మకాలకు జీఎస్టీ గొడవ లేదు. రాష్ట్రం సరిహద్దు దాటించి సరుకు అమ్మితే మాత్రం తక్కువ అమ్మకాలకైనా రిజిస్ట్రేషన్ అడుగుతారు. కొన్ని చేతిపని వస్తువులకు మినహాయింపు ఉంది. మీ అల్లిక అందులోకి వస్తుందో లేదో అమ్మకముందే ఒక అకౌంటెంట్‌ను అడగండి.

ఆ నోట్‌బుక్‌లో ప్రతి పనికీ ఎదురుగా రెండు గళ్లు గీయండి, ఒకటి గంటలకు, ఒకటి చేతికొచ్చే డబ్బుకు. శాలువా దగ్గర డబ్బు గడి ఖాళీగా వదిలేయండి. దసరా అయ్యాక ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి, సంక్రాంతి పని ఎలా సర్దాలో కలిసి చూద్దాం.