చిగురుగుంట కాగితాలను పెట్టెలో పెట్టొద్దు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన నోటుపుస్తకం రెండుసార్లు చదివాను. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల కథ కోసం ఎండనక వాననక ఎంత తిరిగావో ప్రతి పేజీలో తెలుస్తోంది. కానీ చివర్లో "అంతా పూర్తయ్యాక అచ్చేయిస్తా మామా" అని రాశావు. అక్కడే నా గుండె కలుక్కుమంది.

నేనూ అట్లే అనుకున్నా. 2001లో కోలారు గనులతో పాటు మనవైపు గనులూ మూతపడ్డాక, గుడుపల్లె పక్కన ఒక పెద్దాయన దగ్గర నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని రాసుకున్నా. గనిలోకి దిగేటప్పుడు ఇచ్చే ఇత్తడి బిళ్ల తెచ్చి చూపించాడు. అంచులు అరిగిపోయి, నంబరులో చివరి అంకె కంటికి ఆనడం లేదు. బొటనవేలితో తడిమి ఆ అంకె చెప్పాడు. ఆ కాగితాలు ఆరేళ్లు నా పెట్టెలో ఉన్నాయి. అచ్చేసుకుని తీసుకుపోయేసరికి ఆయన లేడు. "ఆయనుండగా తెచ్చుంటే చదివించుకుని వినేవాడు కదప్పా" అంది ఆ ఇంటి అవ్వ. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నా, ముగించిన ఒక్క అధ్యాయాన్నే 16 పేజీల చిన్న పుస్తకంగా వేసెయ్. నూరు కాపీలు చాలు. అచ్చుకు ముందు, నీకు చెప్పినవాళ్ల ఎదుట కూర్చుని వాళ్ల మాటలు చదివి వినిపించు. కుప్పం వైపు చాలా ఇళ్లలో తమిళం, కన్నడం. వాళ్ల భాషలోనే చెప్పు. పేరు వెయ్యొచ్చా అని అడుగు. వద్దంటే వెయ్యొద్దు. ఫొటోలు అక్కడికక్కడే స్కాన్ చేసుకుని అసలు వాళ్లకే ఇచ్చి రా.

మన భాషలో "అంట" అనే బంగారం లాంటి మాట ఉంది. విన్నదాన్ని "అంట" తోనే రాయి, చూసింది చూశానని రాయి, కాగితంలో ఉన్నది ఏ కాగితమో చెప్పు. నీ రాతలో ఈ మూడూ కలిసిపోయాయి. గోడ కూలిన సంగతి నువ్వు పక్కనుండి చూసినట్టుంది!

పాత రికార్డుల కోసం చిత్తూరు పేరుతో వెతికితే దొరకవు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు కుప్పం సీమ కంగుంది జమీందారీ, ఉత్తర ఆర్కాడు జిల్లా. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఆ పేర్లతో అడుగు.

అంకెల దగ్గర జాగ్రత్త. 22వ పేజీలో పెన్నీవెయిట్లను, అంటే బంగారం తూచే పాత ఇంగ్లీషు కొలతను, గ్రాములుగా వేశావు. ఒక పెన్నీవెయిట్ 1.555 గ్రాములు, అవి 20 అయితే ఒక ట్రాయ్ ఔన్సు. ఇంగ్లీషువాళ్ల టన్ను కూడా 1016 కిలోలు. కాబట్టి టన్ను గని రాయికి 5 పెన్నీవెయిట్ల బంగారమంటే ఇప్పటి వెయ్యి కిలోల టన్నుకు 7.65 గ్రాములు. పాత అంకెను ఉన్నదున్నట్టు వేసి, లెక్క పక్కన కట్టు.

నువ్వు గీసిన మ్యాపులో మూతలేని పాత గుంతల చోట్లు తీసెయ్. బంగారం ఆశతో ఎవరో ఒకరు దిగుతారు. నువ్వు కూడా అంచుకు పోవద్దు, ఇది మామ ఆజ్ఞ అనుకో.

ఇంకొకటి. డీటీపీ షాపులో "అను" అనే పేరున్న ఫాంట్లలో కొడతారు. అచ్చుకు అందంగానే ఉంటుంది, రేపు ఎవరైనా ఫోన్‌లో వెతికితే ఒక్క ముక్క దొరకదు. ఏ ఫోన్‌లోనైనా వెతికితే దొరికే యూనికోడ్ అక్షరాల ప్రతి కూడా అడిగి తీసుకో. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి, ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీకి రెండేసి కాపీలు, గనులున్న ఊరి బడికి ఒకటి ఇవ్వు. ప్రెస్సు ఖర్చులో సగం నాది.

31వ పేజీలో డ్రిల్లింగ్ పని చేసిన తాత ఉన్నాడు కదా, ఎనభై దాటాయని రాశావు. ఆ పేజీలు పట్టుకుని ఈ ఆదివారమే పో.

మామ